ఎముకలు బాల్సావి, బలం కాగితానిది

(బాల్సా అనే తేలిక కర్రతో, పలుచని కాగితంతో ఎగిరే బొమ్మ విమానం చేయడం గురించి ఆదివారం ఉదయం గ్రంథాలయంలో జరిగిన ప్రసంగం. రాలేకపోయినవారి కోసం రికార్డింగు విని టైపు చేశాం. తడబాట్లు తీసేశాం, మాట తీరు అలాగే ఉంచాం.)

అందరికీ నమస్కారం. ముందు ఒక చిన్న సాయం చేయాలి. పైన ఆ రెండు ఫ్యాన్లూ ఆపుతారా? ఉక్కపోస్తుంది, తెలుసు. కానీ ఈ బల్ల మీద ఉన్నవన్నీ బెండులాంటివి, గాలికి లేచిపోతాయి. ఆఁ, ఆగాయి. చాలు, థాంక్సండీ.

ఇదిగో, ఇది రెక్క. సగం రెక్క. ఎడమవైపుది. ఇంకా కాగితం వేయలేదు, వట్టి పుల్లలే. ముందు వరుసలో అమ్మా, మీరు పట్టుకోండి. రెండు చివరలూ రెండు చేతుల్లో పట్టుకుని, తడిబట్ట పిండుతాం చూడండి, అలా కొంచెం మెలి తిప్పండి. కొంచెమేనమ్మా. తిరిగిందా? తిరిగింది. వదిలితే మళ్లీ వెనక్కి వచ్చింది. సరే, పక్కవాళ్లకి ఇవ్వండి, అందరి చేతుల్లోకీ వెళ్లనివ్వండి.

ఇది రెండోది. అదే కర్ర, అదే కొలత, చేసింది కూడా ఈ చేతులే. తేడా ఒక్కటే, దీని మీద కాగితం ఉంది. దీన్ని తిప్పండి. తిరగట్లేదు కదూ? గట్టిగా తిప్పకండి, విరుగుతుంది. కానీ తిరగట్లేదు. నిన్న రాత్రి రెండూ తూచాను. కాగితం లేనిది 5 గ్రాములు. ఉన్నది ఆరున్నర. అంటే ఒకటిన్నర గ్రాము. వట్టి పుల్లల బొమ్మని రెక్కగా మార్చింది ఆ ఒకటిన్నర గ్రామే. ఈ ఉదయం నేను చెప్పదలుచుకున్నది అదే. కాగితం ఈ విమానానికి చొక్కా కాదు. అందం కోసం వేసేది కాదు. అది కూడా ఎముకే.

మూడోది కూడా ఉంది. ఇది రెక్క కాదు, మామూలు చట్రం. దీని మీద కాగితం అంటించాను, కానీ చూడండి, ఎలా ఉందో! వదులుగా, ముడతలు ముడతలుగా. ఇదేంటి మాస్టారూ, ఇంత అసహ్యంగా అంటించారు అనుకుంటున్నారా? కావాలనే ఇలా ఉంచాను. ఇప్పుడు దీని మీద నీళ్లు కొడతాను. సెంటు సీసా ఇది, కడిగి నీళ్లు పోశాను. ఇంకా పాడైంది, చూశారా? తడిసి జారిపోయింది. సరే, దీన్ని ఇక్కడే పలకకి గుచ్చి పెట్టేస్తాను. మాట్లాడుకుందాం. చివర్లో మళ్లీ దీని దగ్గరికి వద్దాం. నేను మరిచిపోతే గుర్తు చేయండి, పిల్లలూ, మీ పూచీ.

నులక మంచం అల్లడం ఎంతమంది చూశారు? పెద్దవాళ్లు చూసే ఉంటారు. అల్లకముందు మంచం ఎలా ఉంటుంది? నాలుగు కోళ్లు, నాలుగు పట్టెలు. చేత్తో తోస్తే ఇటు ఊగుతుంది, అటు ఊగుతుంది. మూలలు నిలవవు. నులక వేసి, కాళ్ల దగ్గర తాడు బిగించాక? మీద నలుగురు కూర్చున్నా కదలదు. కర్ర మారిందా? లేదు. నులక లాగి పట్టుకుంది. అంతే. మన రెక్క మీద కాగితం చేసే పనీ అదే.

ఇది బొమ్మల సంగతి అనుకునేరు. అసలు విమానాలూ ఇలాగే మొదలయ్యాయి. రైట్ సోదరులు 1903లో ఎగిరిన విమానం రెక్కలకి వేసింది మామూలు మస్లిన్ గుడ్డ. దాన్ని ఎలా వేశారు? పోగులు రెక్కకి నిలువుగా, అడ్డంగా రాకుండా ఏటవాలుగా, 45 డిగ్రీల కోణంలో వేశారు. కుట్టుపని చేసే అమ్మలు ఇక్కడ ఉంటే వాళ్లకి వెంటనే తెలుస్తుంది. జాకెట్టుకి క్రాస్ కటింగ్ అంటారే, అదే. ఎందుకలా? చతురస్రంలాంటి చట్రం ఒరగకుండా ఉండాలంటే మూల నుంచి మూలకి తీగ కట్టాలి. గుడ్డని క్రాసులో వేస్తే ప్రతి పోగూ అలాంటి తీగే అవుతుంది. వాళ్లు సైకిళ్ల షాపు నడిపినవాళ్లు. గుడ్డతో కూడా బరువు మోయించాలని వాళ్లకి తట్టింది. ఎన్నిసార్లు తలుచుకున్నా నాకు ఒళ్లు పులకరిస్తుంది.

మన దేశంలో కూడా, బెంగళూరు హెచ్ఏఎల్‌లో పుష్పక్ అని చిన్న విమానం తయారైంది. 1958లో మొదటిసారి ఎగిరింది. ఇద్దరు కూర్చునేది. ఫ్లయింగ్ క్లబ్బుల్లో ఎంతోమంది దాని మీద నేర్చుకున్నారు. దానికి రెక్క ఒంటి పైన ఉంటుంది, దాని మీదా గుడ్డే.

ఇక నేను తెచ్చిన ఈ విమానం సెస్నా 170. అమెరికాది. నలుగురు కూర్చునే విమానం, 1948 నుంచి 1956 దాకా తయారు చేశారు. మొదటి సంవత్సరం వచ్చినవాటికి రెక్కల మీద గుడ్డ ఉండేది, తర్వాత రేకు వేశారు. నేను చేసింది ఆ మొదటి రకం అనుకోండి. కిట్టు గిల్లోస్ అనే సంస్థది. పాల్ గిల్లో అనే ఆయన 1926లో మసాచుసెట్స్ రాష్ట్రంలోని వేక్‌ఫీల్డ్‌లో మొదలుపెట్టాడు. ఆ మరుసటి ఏడాదే లిండ్‌బర్గ్ అనే పైలట్ ఒక్కడే న్యూయార్క్ నుంచి పారిస్‌కి ఎగిరి వెళ్లాడు. ఇంక చూడండి, అమెరికాలో ప్రతి పిల్లవాడికీ విమానం పిచ్చి పట్టుకుంది. ఆ కాలం నాటి పెట్టెలో ఏముందో, ఇప్పటికీ దాదాపు అవే ఉన్నాయి. పుల్లలు, పలుచని చెక్క పలకలు, టిష్యూ కాగితం, ప్లాను, ముందు ప్రొపెల్లర్‌ని తిప్పే రబ్బరు. రెక్క ఈ చివర నుంచి ఆ చివరకి 24 అంగుళాలు.

బాల్సా గురించి రెండు మాటలు. ఇది ఎక్కువగా ఈక్వెడార్ నుంచి వస్తుంది. చెట్టు చాలా తొందరగా పెరుగుతుంది, ఆరేడేళ్లకే కొట్టేస్తారు. మన బూరుగు ఉంది కదా, దాని కుటుంబమే. కొండపల్లి బొమ్మలు చేసే తెల్ల పొణికి కర్ర చేత్తో పట్టుకున్నారా ఎప్పుడైనా? ఇంత తేలికేంటి అనిపిస్తుంది. బాల్సా దానికన్నా తేలిక. ఒక ఘనపు మీటరు నీళ్లు 1000 కిలోలు. అంతే టేకు సుమారు 650. బాల్సా 100 నుంచి 200 మధ్య. స్పానిష్‌లో బాల్సా అంటే తెప్ప. 1947లో తొమ్మిది బాల్సా దుంగలు కట్టి, కాన్‌టికి అనే తెప్ప మీద హెయర్‌డాల్ అనే నార్వే అన్వేషకుడి బృందం పెరూ నుంచి పసిఫిక్ సముద్రం మీద 101 రోజులు ప్రయాణం చేసింది. రెండో ప్రపంచయుద్ధంలో మస్కిటో అనే బ్రిటిష్ విమానం ఒంటికి రెండు పలుచని ప్లైవుడ్ పొరల మధ్య పెట్టింది బాల్సానే. తేలిక ఒక్కటే దాని గొప్ప కాదు. ఆ తేలికకి అంత గట్టిదనం ఉండటం గొప్ప.

ఒక జాగ్రత్త చెప్పాలి. బాల్సా అంతా ఒకటి కాదు. ఒకే పెట్టెలో రెండు పుల్లలు తీయండి, ఒకే లావు, ఒకే పొడవు. ఒకటి ఇంకోదానికి రెట్టింపు బరువు ఉండొచ్చు. చూస్తే తెలియదు. అందుకే పెట్టె తెరిచిన రోజు నేను ఏమీ అంటించను. ఆ సాయంత్రం అంతా ఏరుకోవడమే. పుల్లల చివర బల్ల అంచుకి పట్టి, మిగతాది గాల్లో వేలాడదీసి చూస్తాను. ఏది ఎంత వంగుతోంది? ఒకేలా వంగేవి జంటలు కడతాను. ఒకటి ఎడమకి, ఒకటి కుడికి. ఎడమ రెక్కలో గట్టి పుల్ల, కుడి రెక్కలో మెత్తటి పుల్ల పడితే, తర్వాత కాగితం బిగిసినప్పుడు రెండూ ఒకేలా తట్టుకోవు. మెత్తటి వైపు ఓడిపోతుంది. బియ్యంలో రాళ్లు ఏరినట్టు ఓపిగ్గా ఏరాలి.

పాత కిట్లలో ముక్కల్ని అచ్చుతో గుద్ది ఇచ్చేవాళ్లు. ఆ అచ్చు పూర్తిగా తెగదు. వేలితో నొక్కితే రిబ్బు, అంటే రెక్కకి పక్కటెముకలాంటి ముక్క, విరుగుతుంది. పలకని తిరగేసి, వెనకవైపు సన్న సాండ్‌పేపరుతో నెమ్మదిగా రుద్దండి. ముక్కలు వాటంతట అవే ఊడి వస్తాయి. కొత్తవాటికి లేజరుతో కోస్తున్నారు, ఆ బాధ లేదు. బ్లేడు మాత్రం కొత్తది వాడండి. మొద్దు బ్లేడు బాల్సాని కోయదు, నలిపేస్తుంది. పిల్లలూ, పక్కన పెద్దవాళ్లు ఉంటేనే బ్లేడు. ఇది గట్టిగా చెప్తున్నాను.

ప్లానుని మెత్తటి చెక్క మీద పరిచి, పైన పలుచని ప్లాస్టిక్ కాగితం వేస్తాం, జిగురు ప్లానుకి అంటుకోకుండా. పుల్లని గీత మీద పెట్టి, గుండుసూది పుల్లలోకి గుచ్చం. ఎందుకు? గుచ్చితే పుల్ల అక్కడే చీలుతుంది. ఇటొక సూది, అటొక సూది, మధ్యలో పుల్ల. జిగురు ఎంత? చెప్పమంటారా? అగ్గిపుల్ల కొనకి అంటినంత. మనవాళ్లు ఎక్కువ వేస్తే ఎక్కువ పట్టుకుంటుంది అనుకుంటారు. కాదు. ముక్కలు సరిగ్గా కూర్చోకపోతే ఎంత జిగురు పోసినా అది అతుకు కాదు. పోసిన జిగురు బరువుగా మిగిలిపోతుంది. నేను మామూలు ఫెవికాలే వాడతాను. వెంటనే పట్టేసే ఆ జిగుళ్లు ఉన్నాయి కదా, అవి తొందరపెడతాయి. తప్పు పెడితే తీసి మళ్లీ పెట్టే వీలు ఇవ్వవు.

ఒళ్లు, అంటే మనుషులు కూర్చునే భాగం, సగం సగంగా కడతాం. ప్లాను మీద వెన్నుపట్టెలు, వాటికి సగం చట్రాలు. ఎడమ సగం ఆరాక ప్లాను మీద నుంచి లేపి, కుడి సగం చట్రాలు అంటిస్తాం. ఇక్కడే చాలామంది ఒక పొరపాటు చేస్తారు. ఎడమవైపు పొడుగు పుల్లలన్నీ ముందే అంటించి, తర్వాత కుడివైపు మొదలుపెడతారు. లేపి చూస్తే ఒళ్లంతా అరటికాయలా ఒక పక్కకి వంగి ఉంటుంది. ఎడమ ఒకటి పెట్టారా, వెంటనే కుడి ఒకటి పెట్టండి. ఎడమ, కుడి. ఎడమ, కుడి. ఎడ్లబండికి రెండు ఎడ్లనీ ఒక్కసారే కడతాం కదా, అలాగ.

రెక్కలు కొంచెం పైకి లేచి ఉంటాయి, చూడండి, విస్తరి చేతుల్లో పట్టుకున్నట్టు. ఎందుకో తెలుసా? విమానం ఎడమకి ఒరిగిందనుకోండి, ఆ పక్కకే జారుతుంది. జారితే ఎడమ రెక్కకి గాలి ఎక్కువ కోణంలో తగులుతుంది, అది పైకి లేస్తుంది. లోపల నడిపేవాడు లేడు. తప్పిన దాన్ని తనే దిద్దుకోవాలి. ఆ కొలత ప్లానులో ఉంటుంది, దాన్ని మార్చకండి.

ఇప్పుడు నాకు అన్నిటికన్నా ఇష్టమైన పని, నిజం చెప్పాలంటే అందరూ ఎగ్గొట్టే పని. రుద్దడం. అస్థిపంజరం తయారైంది, బాగుంది, ఇక కాగితం వేసేద్దాం అనిపిస్తుంది. ఆగండి. కళ్లు మూసుకుని వేళ్లతో తడమండి. జిగురు బొట్టు తగిలిందా? రిబ్బు కంటే పుల్ల వెంట్రుక వాసి పైకి ఉందా? కాగితం అన్నీ బయటపెడుతుంది. దాచదు. గోడకి సున్నం వేసినా ఎగుడుదిగుడులు దాగుతాయేమో కానీ, ఈ కాగితం కింద ఆవగింజంత బొట్టు కూడా దాగదు. పెద్ద చదునైన పుల్లకి సాండ్‌పేపరు అంటించుకుని, నాలుగైదు రిబ్బుల మీదుగా ఒకేసారి రుద్దండి. వేలికి చుట్టుకుని రుద్దితే గుంటలు పడతాయి. ఒళ్లు దగ్గర ఇంకోటి. పొడుగు పుల్లల మధ్య చట్రం అంచుని లోపలికి కొంచెం గీరేయాలి, చిన్న నెలవంకలాగా. కాగితం పొడుగు పుల్లలకే తగలాలి, చట్రానికి తగలకూడదు. తగిలితే అక్కడ ఒక ఎముక పొడుచుకొచ్చినట్టు కనిపిస్తుంది. నేను రెండు పూటలు దీనికే ఇస్తాను. మా ఇంట్లో ఆ రెండు రోజులూ నేల మీద పిండి రాలినట్టు ఉంటుంది, మా ఆవిడ ఏమీ అనదు. ఆమెకి నేను ఇక్కడే కృతజ్ఞత చెప్పుకోవాలి.

సరే, కాగితం. దీనికి కూడా నార ఉంటుంది. ఎలా తెలుస్తుంది? ఒక మూల చింపి చూడండి. ఒకవైపు తిన్నగా చిరుగుతుంది, ఇంకోవైపు వంకరటింకరగా చిరుగుతుంది. తిన్నగా చిరిగేదే నార వైపు. రెక్కకి నార రెక్క పొడవునా ఉండాలి. ఒంటికి ముక్కు నుంచి తోక వైపు. తిరగేసి వేస్తే రిబ్బుల మధ్య గుంటలు పడి, ఆకలితో ఉన్న గొడ్డు డొక్కల్లా కనిపిస్తుంది.

గాలిపటం కాగితం వాడొచ్చా అని మొన్న ఒక బాబు అడిగాడు. వాడొచ్చు. నేర్చుకోవడానికి బాగానే ఉంటుంది. నేను నా రెండో విమానానికి అదే వేశాను. కానీ నీళ్లు కొట్టగానే ఎర్ర రంగు కారి, తెల్ల తోక మీదంతా పడింది. కాబట్టి ముందు ఒక చిన్న ముక్క తడిపి చూసుకోండి.

అంటించే పద్ధతి చెప్తాను. రెక్క అంచుల చుట్టూ, అంటే ముందు అంచు, వెనక అంచు, రెండు చివరలూ, అక్కడ డోపు రెండు పూతలు పూసి ఆరనిస్తాను. డోపు అంటే కాగితాన్ని బిగించే ఒక పూత, దాని సంగతి తర్వాత చెప్తాను. తర్వాత కాగితం పరిచి, పైనుంచి కుంచెతో థిన్నర్, అంటే డోపుని పలుచన చేసే ద్రావకం, అద్దుతాను. థిన్నర్ కాగితంలోంచి దిగి కింది డోపుని మళ్లీ మెత్తబరుస్తుంది. వేలితో అలా రాయడమే, పట్టుకుంటుంది. పిల్లలైతే స్కూల్లో వాడే గ్లూ స్టిక్ చాలు, అదీ బాగా పనిచేస్తుంది. మొదట కింది వైపు, తర్వాత పై వైపు. లాగి లాగి వాయించే మృదంగంలా బిగించాలని చూడకండి. ముడతలు లేకుండా పరుచుకుంటే చాలు. బిగించే పని నీళ్లది. రెక్క చివర గుండ్రం దగ్గర ఒకే కాగితం కూర్చోదు, అక్కడికి విడిగా ఒక ముక్క వేయండి. రెండు ముక్కలు కలిసేచోట ఒకటి రెండు మిల్లీమీటర్లు ఒకదాని మీద ఒకటి వస్తే చాలు.

ఇక నీళ్లు. ఇక్కడ నా సంగతి ఒకటి చెప్పాలి. కాలేజీలో ఎన్‌సీసీ ఎయిర్‌వింగ్‌లో ఉన్నప్పుడు మొదటి విమానం చేశాను. నాలుగు వారాలు పట్టింది. కాగితం వేశాను, నీళ్లు కొట్టాను, అబ్బ, ఎంత బాగా బిగుస్తోందో అని మురిసిపోయి, రెక్కని కిటికీ గట్టు మీద ఊరికే పెట్టి పడుకున్నాను. ఏమీ గుచ్చలేదు, బరువు పెట్టలేదు. పొద్దున లేచి చూస్తే! డాబా మీద ఎండబెట్టిన అప్పడం ఎలా ఉంటుంది? ఒక అంచు పైకి, ఒక అంచు కిందికి. సరిగ్గా అలా ఉంది. చేత్తో సరిచేయబోయాను, రెండు రిబ్బులు విరిగాయి. అలాగే అతికి ఎగరేశాను. వదిలిన వెంటనే ఒక పక్కకి గిరికీలు కొట్టి నేలకి దిగింది. నేను ఏడ్చాను. దాచుకోవడం దేనికి? పందొమ్మిదేళ్లవాడిని, ఏడ్చాను.

ఏమైంది అక్కడ? కాగితానికి బలం ఉందని నాకు తెలియదు. పైవైపు ఎక్కువ నీళ్లు కొట్టాను, కిందివైపు తక్కువ. పైది ఎక్కువ లాగింది. రెక్క ఆ లాగుడుకి లొంగింది. మీకు ఇప్పుడు మొదటి రెక్క గుర్తుందా, మెలి తిప్పితే తిరిగింది? ఆ స్థితిలో ఉన్నప్పుడు కాగితం ఎటు చెప్తే అటు తిరుగుతుంది. ఆరిపోయాక ఆ తిరిగిన రూపంలోనే బిగిసిపోతుంది. ఇంక మీరు చెప్పినా వినదు. కాబట్టి నీళ్లు కొట్టింది మొదలు ఆరేదాకా రెక్క పలకకి గుచ్చి ఉండాలి. కింద చిన్న చిన్న బాల్సా ముక్కలు పెట్టి కొంచెం ఎత్తుగా ఉంచండి, కింది వైపు కూడా గాలి ఆడాలి. ఒక రాత్రంతా వదిలేయండి. ఎండలో పెట్టకండి. హెయిర్ డ్రయర్ పెట్టకండి.

రెక్క చివర వెనక అంచు కింద రెండు మూడు మిల్లీమీటర్ల ముక్క ఎక్కువ పెడతాను. రెండు వైపులా సమానంగా. అంటే చివర కొంచెం, కొంచెమే, కావాలనే మెలి ఇస్తున్నానన్నమాట. దానివల్ల విమానం నెమ్మదించినప్పుడు చివరలు ముందుగా పట్టు తప్పవు, ఒక పక్కకి కూలదు. చూశారా, నన్ను ఏడిపించిన మెలికే ఇది. నేను ఇస్తే మేలు చేస్తుంది, తనంతట తాను వస్తే ముంచుతుంది.

డోపు అన్నాను కదా. నైట్రోసెల్యులోజ్‌ని ద్రావకంలో కరిగించిన పూత అది. మొదటి ప్రపంచయుద్ధపు విమానాల గుడ్డకీ ఇలాంటి పూతలే వేసేవాళ్లు. కాగితంలోకి ఇంకి, ఆరేటప్పుడు ఇంకా బిగిస్తుంది, గాలి చొరకుండా చేస్తుంది. చిక్కగా పూయకండి. సగానికి సగం థిన్నర్ కలిపి, పలుచగా రెండు పూతలు. ఇక్కడ మన ఆముదం వస్తుంది! అవును, ఆముదమే. డోపు కాలం గడిచేకొద్దీ బిగుస్తూనే ఉంటుంది, పెళుసవుతుంది. అది జరగకుండా 30 మిల్లీలీటర్లకి రెండు మూడు చుక్కల ఆముదం కలుపుతారు. ఇంగ్లండులో, అమెరికాలో మోడల్ విమానాలు చేసేవాళ్లకి తాతల కాలం నుంచి తెలిసిన చిట్కా ఇది. మన మెట్ట పొలాల్లో పండే ఆముదం గింజ నూనె, సెస్నా రెక్క మీద. నాకు ఈ సంగతి తెలిసిన రోజు మా నాయనమ్మ గుర్తొచ్చింది, ఆవిడ తలకి రాసిన ఆముదం గుర్తొచ్చింది.

డోపు దొరక్కపోతే చెక్క సామానుకి కొట్టే ఎన్‌సీ క్లియర్ లాకర్ పెయింట్ల షాపులో ఉంటుంది. దాని మూలపదార్థం కూడా అదే, కాకపోతే అంతగా బిగించదు. ఏది వాడినా కిటికీలు తెరిచి పెట్టండి. వంటింట్లో పూయకండి. దీపం, అగ్గిపుల్ల దగ్గరకి రాకూడదు, భగ్గుమంటుంది.

మన కోస్తాలో ఉన్నవాళ్లకి ఒక ప్రత్యేకమైన కష్టం ఉంది. వానాకాలంలో, ఉక్కపోత రోజున డోపు పూస్తే ఆరుతూ ఆరుతూ తెల్లబడుతుంది, విబూది పూసినట్టు. ఎందుకు? థిన్నర్ ఆవిరవుతూ ఆ చోటుని చల్లబరుస్తుంది. గాలిలో తేమ ఉంటే ఆ చల్లటి పూత మీద నీరు చేరుతుంది, అది పూతలో చిక్కుకుంటుంది. కుండ చుట్టూ చెమ్మ పట్టినట్టే. భయపడకండి, గాలి పొడిగా ఉన్న రోజు పైన వట్టి థిన్నర్ తేలిగ్గా పూస్తే చాలావరకు పోతుంది. నేనైతే డోపు పని సంక్రాంతి రోజుల్లో, మధ్యాహ్నం పూట పెట్టుకుంటాను.

రంగు సంగతి అడుగుతారు. పెయింటు వేయకండి. అందరూ ఇక్కడే పాడుచేస్తారు. నాలుగు వారాలు గ్రాము గ్రాము దాచుకుని, చివర్లో డబ్బా రంగు కొట్టి పది గ్రాములు ఎక్కిస్తారు. రంగు కాగితమే వేయండి. ఈ ఎర్ర గీత చూశారా? పెయింటు కాదు, ఎర్ర టిష్యూ సన్నగా కోసి థిన్నర్‌తో అద్దాను. ఈ అంకెలు నల్ల టిష్యూ. ముఖ్యంగా తోకని తేలిగ్గా ఉంచండి. తోక రెక్కకి దూరంగా ఉంటుంది, ముక్కేమో రెక్కకి దగ్గరగా ఉంటుంది. తోకలో ఒక్క గ్రాము పెరిగితే, సరితూగడానికి ముక్కులో రెండు మూడు గ్రాములు పెట్టాలి. త్రాసు దండం లాంటిదే. ఇది మొత్తం, రబ్బరు లేకుండా, 42 గ్రాములు వచ్చింది. నేను ఇంకా తగ్గించగలిగేవాణ్ని. తోక చెక్కలు గట్టి కర్రవి పడ్డాయి.

రబ్బరు గురించి తొందరగా చెప్పేస్తాను, టైము చూస్తున్నాను. రబ్బరుని మెలి తిప్పి విమానం ఎగరేయడం అల్ఫోన్స్ పెనో అనే ఫ్రెంచి యువకుడు చూపించాడు. 1871 ఆగస్టు 18న, పారిస్‌లో, ట్యూలరీ తోటలో, జనం ముందు. 11 సెకన్లు ఎగిరింది. తర్వాత 1878లో ఒక తండ్రి తన ఇద్దరు చిన్న కొడుకులకి పెనో పద్ధతిలో చేసిన రబ్బరు హెలికాప్టర్ బొమ్మ తెచ్చిచ్చాడు. ఆ కొడుకులు ఎవరో తెలుసా? విల్బర్, ఆర్విల్. ఇందాకటి మస్లిన్ గుడ్డవాళ్లే.

రబ్బరు తిరిగేటప్పుడు ప్రొపెల్లర్ ఒకవైపు తిరిగితే విమానం ఒళ్లు దానికి ఎదురువైపు ఒరగాలని చూస్తుంది. దీనిది ఎడమకి. అందుకే ముక్కుని వెంట్రుక వాసి కుడికి, కిందికి తిప్పి పెడతాం. కానీ అదంతా తర్వాత. మొదట రబ్బరు చుట్టకుండా, గడ్డి ఎత్తుగా ఉన్నచోట, పొద్దున్నే గాలి లేనప్పుడు, నెమ్మదిగా ముందుకి వదలండి. విసరకండి, వదలండి. పైకి లేచి, ఆగి, మళ్లీ ముక్కు దించుతోందా? ముక్కులో మైనం కొంచెం పెట్టండి. సూటిగా కిందికి పోతోందా? ముక్కులో బరువు తగ్గించండి. ఒక్కసారి ఒక్క మార్పే. రెండు కలిపి మారిస్తే ఏది పనిచేసిందో తెలియదు. జారుడు కుదిరాకే రబ్బరు. మొదట 50 చుట్లు, తర్వాత 100.

ప్రశ్నలు ఉన్నాయా? ఆ, చెప్పండి మాస్టారూ. కాగితం చిరిగితే? చిరుగుతుంది, చెట్టు కొమ్మ తగిలినా చిరుగుతుంది. చిరిగినచోట పక్క రిబ్బుల దాకా ఆ గడి మొత్తం కోసేసి కొత్త ముక్క వేయండి. చిరుగు మీద చిన్న అతుకు వేస్తే ఆ గడి బిగువు తప్పుతుంది. బిగువు తప్పితే? ఆ చోట ఎముక లేనట్టే. ఇంకెవరైనా? ఆ బాబు చేయి ఎత్తాడు. ఏంటి నాన్నా?

ఆఁ! చట్రం! నిజమే, నేను మరిచిపోయాను. భలే గుర్తు చేశావు. రా, నువ్వే వచ్చి సూదులు తియ్యి. మెల్లిగా. ఇదిగో చూడండి, ముడతలు ఎక్కడున్నాయి? ఒక్కటీ లేదు. నేనేమీ చేయలేదు, మీరందరూ చూస్తూనే ఉన్నారు. నీళ్లు ఆరాయి, అంతే. ఇప్పుడు తట్టు. వినిపించిందా? వెనక వరసకి వినిపించలేదు. ఒక్క నిమిషం అందరూ నిశ్శబ్దంగా ఉండండి. మళ్లీ తట్టు నాన్నా, వేలి కొనతో, గోరు తగలకుండా.

వినిపించింది కదూ. ఇంక ఫ్యాన్లు వేసుకోండి. ఇది ఇక్కడే ఉంటుంది, ఒక్కొక్కరే వచ్చి తట్టి చూడండి. తర్వాత దాని పక్కన ఆ రెండు రెక్కలూ పెట్టేయండి, ఎవరి దగ్గర ఉన్నాయో మరి.